యుద్ధానికి రాబోమన్న సోషలిస్టుల నాటకం చూశాను. మీతో మాట్లాడాలి.

శేషు_యార్క్‌షైర్ | ఆదివారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి చూసిన నాటకం ఇంకా నన్ను వదల్లేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో "మేం తుపాకి పట్టం" అని జైళ్లకు వెళ్లిన బ్రిటిష్ సోషలిస్టుల కథ ఇది. చిన్న ట్రూపు, ముగ్గురే నటులు. సామానంతా ఒక్క వ్యానులో వేసుకుని ఊరూరా తిరుగుతున్నారు. లైబ్రరీలు, యూనియన్ ఆఫీసులు, క్వేకర్ల (యుద్ధాన్ని ఒప్పుకోని క్రైస్తవ శాఖ) మందిరాలు, ఎక్కడ చోటిస్తే అక్కడ ఆడతారు. మా ఊళ్లో పాత కార్మికుల క్లబ్బులో వేశారు. తెర లేదు, స్టేజీ లేదు. మూడు చెక్కపెట్టెలు, ఒక బల్ల, ఒక ఖాకీ యూనిఫాం. అంతే.

ఆ యూనిఫాం సంగతి ముందు చెప్పాలి. ఆట మొదలైన పావుగంటకి సార్జంట్ వేషంలో ఉన్నాయన దాన్ని మడతపెట్టి ఒక కుర్రాడి కాళ్ల దగ్గర పెడతాడు. "తొడుక్కో." కుర్రాడు కదలడు. అతని బట్టలు అప్పటికే లాగేసుకున్నారు, లోపలి బట్టలతో నిలబడి ఉన్నాడు. ఇక అక్కణ్నుంచి ఆట అయిపోయేదాకా ఆ ఖాకీ బట్టలు అక్కడే నేలమీద ఉంటాయి. సీన్లు మారతాయి, నటులు వాటిని దాటుకుంటూ తిరుగుతారు, ఎవరూ ముట్టుకోరు. ఇంటర్వెల్లో టీకి లేచిన నా పక్క సీటు పెద్దావిడ కూడా వాటిని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1914 ఆగస్టులో బ్రిటన్ యుద్ధంలోకి దిగినప్పుడు సైన్యంలో అందరూ ఇష్టపడి చేరినవాళ్లే. చేరేవాళ్లు తగ్గాక 1916 జనవరిలో నిర్బంధ సైనిక చట్టం తెచ్చారు. 18 నుంచి 41 ఏళ్లలోపు పెళ్లికాని మగవాళ్లందరూ సైనికులే అన్నారు. కొన్ని నెలలకే పెళ్లయినవాళ్లనీ కలిపారు. మనస్సాక్షి ఒప్పుకోకపోతే మినహాయింపు అడగొచ్చని చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. అడిగినవాళ్లు దాదాపు 16,000 మంది. వాళ్లని విచారించడానికి ఊరూరా ట్రిబ్యునళ్లు పెట్టారు. కౌన్సిలర్లు, దుకాణదారులు, ఊరి పెద్దలు, పక్కనే సైన్యం తరఫు మనిషి.

నాటకంలో నన్ను బాగా పట్టుకున్నది ఆ ట్రిబ్యునల్ సీను. మొదట మెథడిస్టు కుర్రాడొకడు వస్తాడు. "ఏ చర్చి?" చెప్తాడు. తిట్టుకుంటూనే ఏదో రాసుకుంటారు. తర్వాత ఇంజన్ ఫిట్టర్ వస్తాడు. "ఏ చర్చి?" "చర్చి లేదండి. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ." బల్ల వెనకాల పెద్దమనిషి కలం కింద పెట్టేస్తాడు. "అయితే నీది రాజకీయం. మనస్సాక్షి కాదు."

చాలా ట్రిబ్యునళ్లలో నిజంగానే ఇలా జరిగింది. దేవుడి పేరు చెప్తే కొంతైనా విన్నారు. "జర్మనీ కార్మికుడితో నాకు పగ లేదు" అన్నవాడి మాట మనస్సాక్షి లెక్కలోకే రాలేదు. నా ప్రశ్న ఇదే. దేవుడు లేని మనస్సాక్షికి సాక్ష్యం ఎవరు చెప్పాలి?

---

రావి ఆకు | ఆదివారం ఉదయం 11:30

శేషు గారూ, బాగా రాశారు. నేను కాలేజీలో చరిత్ర చెప్తాను కాబట్టి ఈ వెనకాల కథ కొంచెం కలుపుతాను.

సోషలిస్టులంతా యుద్ధాన్ని వ్యతిరేకించారనుకోకండి. యుద్ధం వస్తే కార్మికులు ఒకరినొకరు చంపుకోకూడదని యూరప్ సోషలిస్టు పార్టీలన్నీ ఏళ్ల తరబడి తీర్మానాలు చేశాయి. 1914 ఆగస్టులో ఆ తీర్మానాలన్నీ ఒక్క వారంలో గాలికిపోయాయి. బ్రిటన్‌లో లేబర్ పార్టీ యుద్ధాన్ని సమర్థించింది, 1915లో దాని నాయకుడు ఆర్థర్ హెండర్సన్ మంత్రి కూడా అయ్యాడు. ఎదురు నిలిచింది ప్రధానంగా ఇండిపెండెంట్ లేబర్ పార్టీ అనే సోషలిస్టు పార్టీ, అంటే ఐ.ఎల్.పి. కాబట్టి ఆ ఇంజన్ ఫిట్టర్‌ని కాదన్నది సర్కారు ఒక్కటే కాదు, అతని సొంత యూనియన్ నాయకులు కూడా. ఆ దెబ్బ ఇంకా లోతు.

ఫెన్నర్ బ్రాక్‌వే అప్పుడు ఐ.ఎల్.పి. వాళ్ల 'లేబర్ లీడర్' పత్రిక ఎడిటర్. చట్టం రాకముందే, 1914 నవంబరులో, భార్య లిల్లా ఇచ్చిన సలహాతో, సైన్యంలో చేరబోమనే యువకులు పేర్లు పంపమని పత్రికలో అడిగాడు. అలా పుట్టింది నో కాన్‌స్క్రిప్షన్ ఫెలోషిప్, అంటే నిర్బంధ సైనిక సేవ వద్దనే సంఘం. అధ్యక్షుడు క్లిఫర్డ్ అలెన్, ఆయనా ఐ.ఎల్.పి. మనిషే. సోషలిస్టులు, క్వేకర్లు, నాస్తికులు అందరూ ఒకే సంఘంలో ఉన్నారు. మగవాళ్లు జైళ్లకు పోతుంటే ఆఫీసు నడిపింది కేథరిన్ మార్షల్ లాంటి ఆడవాళ్లు. ఏ మనిషి ఏ జైల్లో ఉన్నాడో, ఏ బ్యారక్‌కి మార్చారో ప్రతి ఒక్కరి మీదా కార్డు రాసి పెట్టేవాళ్లు. మీ నాటకంలో ఆమె ఉందా?

ఇంకో మాట. బ్రాక్‌వే పుట్టింది కలకత్తాలో, 1888లో. జీవితమంతా మన స్వాతంత్ర్యం కోసం మాట్లాడాడు. 1989లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. లివర్‌పూల్ వాల్టన్ జైల్లో ఉన్నప్పుడు టాయిలెట్ పేపర్ మీద పెన్సిల్‌తో రహస్యంగా పత్రిక నడిపాడాయన. ఖైదీ నుంచి ఖైదీకి చేతులు మారేది.

---

సందేహం | ఆదివారం మధ్యాహ్నం 1:05

నేను సూటిగా అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. పక్కింటి కుర్రాడు ట్రెంచిలో బురదలో చస్తుంటే "నాకు మనస్సాక్షి ఉంది" అని ఇంట్లో కూర్చోవడం న్యాయమేనా? అందరూ ఇలాగే అంటే దేశం సంగతేంటి? ప్రాణం మీద తీపికి సిద్ధాంతం ముసుగు వేసుకున్నవాళ్లు వాళ్లలో లేరా?

---

మాధవరం_మనవడు | ఆదివారం మధ్యాహ్నం 2:48

మాది తాడేపల్లిగూడెం దగ్గర. మిలటరీ మాధవరం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. మా ఇంట్లో మూడు తరాలు సైన్యమే. మా నాన్న హవల్దారుగా రిటైరయ్యారు.

కాబట్టి శేషు గారి పోస్టు చదువుతుంటే మనసులో ముల్లు గుచ్చుకున్న మాట నిజం. ఆ యుద్ధానికి మన దేశం నుంచి సముద్రాలు దాటి వెళ్లినవాళ్లు 10 లక్షలకు పైనే. 70 వేల మందికి పైగా తిరిగి రాలేదు. వాళ్లని ఏ ట్రిబ్యునలూ "నీ మనస్సాక్షి ఏమంటోంది" అని అడగలేదు. ఆకలి, అప్పు, ఊరి పరువు, వీటిలో ఏదో ఒకటి తీసుకెళ్లింది. నేను అడిగేది ఒక్కటే. ఆ నాటకం సైనికుణ్ని తక్కువ చేస్తోందా?

---

శేషు_యార్క్‌షైర్ | ఆదివారం సాయంత్రం 6:20

ముందు మాధవరం తమ్ముడికి. లేదు, తక్కువ చేయదు. అలా చేసి ఉంటే సగంలో లేచి వచ్చేసేవాణ్ని.

సందేహం గారూ, "ఇంట్లో కూర్చోవడం" అన్నారు. వాళ్లు ఇంట్లో కూర్చోలేదండీ. దాదాపు 6,000 మంది జైలుకెళ్లారు. కఠిన శిక్ష అంటే మొదట్లో పరుపు లేని చెక్కమీద పడక, ఎవరితోనూ మాట్లాడకూడదు, పోస్టు సంచులు కుట్టాలి. మామూలుగా 112 రోజులు. విడుదలవగానే మళ్లీ బ్యారక్‌కి తీసుకెళ్తారు, మళ్లీ ఆర్డరు వేస్తారు, మళ్లీ కాదంటాడు, మళ్లీ కోర్టు మార్షల్, మళ్లీ జైలు. కొందరికి ఇది మూడు నాలుగు సార్లు జరిగింది. క్లిఫర్డ్ అలెన్ ఇలాగే తిరిగి తిరిగి 1917 చివర్లో పూర్తిగా ఆరోగ్యం పాడై బయటికొచ్చాడు. యుద్ధం 1918 నవంబరులో ఆగితే చివరివాళ్లని వదిలింది 1919 వేసవిలో. పైగా అయిదేళ్లు ఓటు హక్కు తీసేశారు. 70 మందికి పైగా చనిపోయారు. ప్రాణం మీద తీపి ఉన్నవాడికి ఇంతకంటే సులువైన దార్లు చాలా ఉన్నాయి.

ఇప్పుడు ఫ్రాన్స్ సీను. 1916 మే నెలలో దాదాపు 50 మందిని బలవంతంగా ఫ్రాన్స్ పంపారు. ఎందుకంటే యుద్ధభూమిలో ఆర్డరు కాదంటే మరణశిక్ష వేయొచ్చు. ఇంట్లోవాళ్లకి చెప్పే వీల్లేదు. సైనికులకి ఇచ్చే కార్డు మీద ముందే అచ్చేసిన వాక్యాలుంటాయి, అక్కర్లేనివి కొట్టేయాలి తప్ప సొంతంగా ఏమీ రాయకూడదు. బెర్ట్ బ్రాకల్స్‌బీ అని యార్క్‌షైర్ స్కూలు టీచరు, సోషలిస్టు కాదు, మెథడిస్టు. అతను ఆ కార్డు మీద కొన్ని మాటలు, కొన్ని అక్షరాలు మాత్రం వదిలి మిగతావన్నీ కొట్టేశాడు. మిగిలినవి కూడబలుక్కుని చదివితే "నన్ను బూలోన్‌కి పంపుతున్నారు". బూలోన్ ఫ్రాన్స్‌లో రేవు పట్టణం. నాటకంలో పెద్ద కార్డు అట్ట ఒకటి గోడకి ఆనించి, నటుడు బొగ్గుముక్కతో ఒక్కో మాటా కొట్టుకుంటూ పోతాడు. హాల్లో చప్పుడు లేదు. బొగ్గు గీకుడు ఒక్కటే. చివరికి ఊరి పేరు మిగిలింది. నా వెనకాల ఎవరో చిన్నగా "బూలోన్" అని చదివారు.

బూలోన్‌లో ఆల్ఫ్రెడ్ ఈవాన్స్ అని పియానోలు శ్రుతి చేసే పని నేర్చుకునే కుర్రాడు ఉన్నాడు. నువ్వు చచ్చిపోవచ్చు, తెలుసా అని అక్కడి కెప్టెన్ అడిగితే అతనిచ్చిన జవాబు రికార్డులో ఉంది. తాము నమ్మినదాని కోసం మనుషులు ట్రెంచుల్లో ప్రాణాలిస్తున్నారు, నేను వాళ్లకంటే తక్కువవాణ్ని కాలేను అన్నాడు. మాధవరం తమ్ముడూ, ఆ జవాబులో సైనికుడి మీద ఎంత గౌరవముందో చూడు.

రావి ఆకు గారూ, కేథరిన్ ఉంది. ఒక్క సీనే. చేతినిండా కార్డులు. ఇంకో సీను ఉండాల్సిందని నాకూ అనిపించింది.

---

కృష్ణవేణి | ఆదివారం రాత్రి 9:55

ఈ చర్చ చూసి లాగిన్ అయ్యాను. మేం యార్క్‌షైర్‌లోని రిచ్‌మండ్ కోటకి వెళ్లాం, పిల్లల స్కూలు సెలవుల్లో. నార్మన్ల కాలం నాటి కోట. ఆ పక్కనున్న చిన్న చిన్న గదుల్లో 1916లో వీళ్లని బంధించారు. ఫ్రాన్స్‌కి పంపినవాళ్లలో 16 మంది అక్కణ్నుంచి వెళ్లినవాళ్లే.

గోడలకి సున్నం. సున్నం మీద పెన్సిల్ రాతలు. ఇన్నేళ్ల తేమకి పెచ్చులు ఊడిపోతుంటే నిపుణులు వాటిని కాపాడుతున్నారు. దేవుడి కీర్తనలు, తల్లి బొమ్మ, ప్రియురాలి బొమ్మ, పేర్లు, తేదీలు. వాటి మధ్య ఒక ఐ.ఎల్.పి. సభ్యుడు రాసిన రాత ఉంది. పోరాడదగిన యుద్ధం వర్గయుద్ధం ఒక్కటే, ఈ దేశపు కార్మికులకి జర్మనీ కార్మికులతో గానీ ఇంకెవరితో గానీ తగాదా లేదు అని. ఆ పక్కనే సిలువ మోస్తున్న మనిషి బొమ్మ. శేషు గారు అడిగిన దేవుడున్న మనస్సాక్షి, దేవుడు లేని మనస్సాక్షి రెండూ ఒకే సున్నం మీద పక్కపక్కన ఉన్నాయి.

లండన్ వెళ్లేవాళ్లు టావిస్టాక్ స్క్వేర్ చూడండి. మధ్యలో కూర్చున్న గాంధీ గారి విగ్రహం మనవాళ్లందరికీ తెలుసు, ఫొటోలు దిగుతాం. అదే తోటలో ఒక పెద్ద రాయి ఉంది, యుద్ధాన్ని కాదన్నవాళ్ల గుర్తుగా 1994 మే 15న పెట్టారు. నేను మూడుసార్లు వెళ్లి కూడా దాన్ని గమనించలేదు. నాలుగోసారి కనపడింది.

---

నాటకాల నరసింహం | సోమవారం ఉదయం 6:40

నమస్కారం. నలభై ఏళ్లు పరిషత్తు నాటకాలాడినవాణ్ని. చరిత్ర మీరు చెప్పారు, నేను ఆట గురించి మాట్లాడతాను.

ముగ్గురు నటులు, మూడు పెట్టెలు అంటే బీద నాటకం అని జాలిపడొద్దు. ప్రజానాట్యమండలి దళాలు పెట్రోమాక్స్ లైటు కింద ఆడింది కూడా ఇలాగే. వ్యానులో తిరిగే నాటకానికి ఒక బలం ఉంది. ప్రేక్షకుడు నాటకం దగ్గరికి రాడు, నాటకమే అతని ఊరికి వెళ్తుంది. ఆ ఊళ్లోనే ఒకప్పుడు ట్రిబ్యునల్ కూర్చుంది. ఆ బల్ల వెనకాల కూర్చున్న దుకాణదారు మనవడు ఈరోజు ముందు వరసలో ఉండొచ్చు. సిటీలో పెద్ద థియేటర్‌లో ఆడితే ఈ వేడి రాదు.

అయితే ఒక చిక్కు ఉంది, దాచుకోకుండా చెప్తాను. మన ప్రజానాట్యమండలి పుట్టింది 1943లో. అప్పటి కమ్యూనిస్టులు, సోవియట్ మీద హిట్లర్ దాడి చేశాక, ఆ యుద్ధాన్ని ప్రజాయుద్ధం అన్నారు. గెలవాలని పాటలు కట్టారు. 1916లో యుద్ధం వద్దన్నదీ సోషలిజం పేరుతోనే, 1943లో యుద్ధం కావాలన్నదీ దాదాపు అదే పేరుతోనే. కాబట్టి ఈ ఇంజన్ ఫిట్టర్ శాంతి దూత అనుకుంటే నటుడు తప్పు ఆడతాడు. అతను "అన్ని యుద్ధాలూ పాపం" అనడం లేదు. "ఈ యుద్ధం నాది కాదు" అంటున్నాడు. ఆ రెంటికీ గొంతు వేరు, నిలబడే తీరు వేరు.

---

రావి ఆకు | సోమవారం ఉదయం 10:15

నరసింహం గారూ, అసలు ముడి అదే. ట్రిబ్యునళ్లు పట్టుకున్నది కూడా ఆ ముడినే. "మీ చెల్లెలి మీద జర్మన్ సైనికుడు పడితే ఏం చేస్తావు?" అని ప్రతివాణ్నీ అడిగేవాళ్లు. క్వేకరుకి అది కష్టమైన ప్రశ్న. సోషలిస్టు మాత్రం "అడ్డుకుంటాను" అనేస్తాడు, అతనికి అందులో ఇబ్బంది లేదు. వెంటనే "చూశారా, ఇతనికి హింస మీద అభ్యంతరం లేదు" అని కొట్టేసేవాళ్లు. నిజం చెప్పడమే వాళ్ల కేసుని పాడుచేసింది. 18 ఏళ్ల కుర్రాడికి మనస్సాక్షి ఉండే వయసు కాదని కూడా ఒక ట్రిబ్యునల్ అంది. యుద్ధానికి పంపడానికి మాత్రం ఆ వయసు సరిపోయింది.

వాళ్లలో వాళ్లకీ గొడవలు ఉండేవి. జైలు బదులు వేరే పని ఇస్తామని సర్కారు 1916లో ఒక పథకం పెట్టింది. కొందరు ఒప్పుకున్నారు. స్కాట్లాండ్‌లో అబర్డీన్ దగ్గర డైస్‌లో, 250 మందిదాకా గ్రానైటు క్వారీలో రాళ్లు కొట్టారు. వానకి కారే గుడారాల్లో పడక. వాల్టర్ రాబర్ట్స్ అనే 20 ఏళ్ల కుర్రాడు అక్కడ న్యుమోనియాతో సెప్టెంబరులో చనిపోయాడు. చెయ్యి ఆడక, అమ్మకి చివరి ఉత్తరం స్నేహితుడితో రాయించాడు. ఇంకొందరు, దాదాపు 1,300 మంది, ఏ పనీ చేయం, అది ఇంకొకణ్ని సైన్యానికి ఖాళీ చేయడమే అన్నారు. నేను రాయి కొడితే క్వారీ కూలీ ట్రెంచికి పోతాడు, ఇదీ వాళ్ల లెక్క. కార్మికుడి తర్కం అది. అందుకే నాకు వాళ్లంటే గౌరవం.

గాంధీ గారి మాట కూడా వచ్చింది కాబట్టి ఒక్క విషయం. 1918లో ఆయన ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమని అడిగారు. ఇదే యుద్ధానికి. 1940లో వ్యక్తి సత్యాగ్రహంలో మనిషిని గానీ డబ్బుని గానీ ఇచ్చి బ్రిటిష్ యుద్ధానికి సాయపడటం తప్పు అని చెప్పించి వినోబాని మొదట పంపారు. టావిస్టాక్ స్క్వేర్‌లో ఆ విగ్రహం, ఆ రాయి ఒకేచోట ఉన్నాయంటే నాకు ఈ రెండు తేదీలూ గుర్తొస్తాయి.

---

సందేహం | సోమవారం మధ్యాహ్నం 12:30

అందరి జవాబులూ చదివాను. పిరికితనం అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ న్యాయం సంగతి నాకింకా తేలలేదు. ఈ యుద్ధం నాది, ఆ యుద్ధం నాది కాదు అని ఎవరికి వాళ్లు తేల్చుకునే హక్కు ఇస్తే, రేపు తప్పు కారణానికి కూడా అదే హక్కు వాడతారు కదా. నాటకం దీనికి జవాబు చెప్తుందా?

---

శేషు_యార్క్‌షైర్ | సోమవారం రాత్రి 8:02

చెప్పదు. ఇంజన్ ఫిట్టర్ తమ్ముడు సైన్యంలో చేరతాడు. జైలు ములాఖత్తులో ఇద్దరూ ఈ ప్రశ్న మీదే కొట్లాడుకుంటారు, టైమైపోతుంది, వార్డరు గంట కొడతాడు. తర్వాత సీన్లో తమ్ముడు లేడు. ఎవరిది ఒప్పో ఎవరూ చెప్పరు.

మీ అందరికీ ఒక విన్నపం. దీన్ని తెలుగులో చదివే ప్రయత్నమైనా చేద్దామని ఉంది. అసలు ఇలా మనస్సాక్షి పేరుతో యుద్ధాన్ని కాదన్నవాళ్లని పిలిచే "కాన్షెన్షియస్ అబ్జెక్టర్" అన్న మాటకి తెలుగేంటి?

---

కృష్ణవేణి | సోమవారం రాత్రి 9:10

"అంతరాత్మ" అనొద్దు. "అంతరాత్మ ప్రబోధం" అంటే మనకి పార్టీ ఫిరాయింపులు గుర్తొస్తాయి. మనస్సాక్షే మంచిది. విడదీసి చూడండి, మనసే సాక్షి. ట్రిబ్యునల్ "సాక్షిని తీసుకురా" అంటుంది. ఫాదర్ ఉత్తరమో, చర్చి రిజిస్టరో ఉందా అని. మనసే సాక్షి అయినవాడు ఇంకో సాక్షిని ఎక్కణ్నుంచి తెస్తాడు? శేషు గారి మొదటి ప్రశ్నకి మన భాషలో మాటలోనే సీనుంది.

---

నాటకాల నరసింహం | మంగళవారం ఉదయం 6:15

అమ్మా కృష్ణవేణీ, ఆ డైలాగు నాకివ్వు, వాడుకుంటాను.

రాత్రంతా నేను ఒక్క వాక్యంతో కుస్తీ పట్టాను. 1916 జూన్‌లో బూలోన్‌లో సైనికులందర్నీ మూడు వైపులా నిలబెట్టి, మధ్యలో వీళ్లని నిలబెట్టి శిక్ష చదివారు. మొత్తం 35 మందికి మరణశిక్ష. ఇంగ్లీషులో ఆ శిక్షలో "కాల్చి చంపాలి" అన్న ముక్క ముందొస్తుంది. ఆపాడు. "జనరల్ సర్ డగ్లస్ హేగ్ ఖాయం చేశారు." మళ్లీ ఆపాడు. అప్పుడు "పదేళ్ల కఠిన కారాగారంగా మార్చారు." ఆ రెండు ఆపుళ్లలోనే ఉంది నాటకమంతా.

తెలుగులో దాన్ని ఒకే వాక్యంగా పెడితే చచ్చిపోతుంది. "మరణశిక్షను హేగ్ ఖాయం చేసి, పదేళ్ల జైలుగా మార్చారు" అంటే, "చేసి" అనగానే వినేవాడికి ఇంకేదో ఉందని తెలిసిపోతుంది. భయం పోతుంది. కాబట్టి మూడు వాక్యాలు కావాలి, ఒక్కోటీ పూర్తి క్రియతో ముగియాలి. ఇలా:

"కోర్టు నీకు కాల్చి చంపే శిక్ష విధించింది."
"ఈ శిక్షను సర్వసేనాని సర్ డగ్లస్ హేగ్ ఖాయం చేశారు."
"దాన్ని పదేళ్ల కఠిన కారాగారంగా మార్చారు."

మొదటి రెండు వాక్యాల చివర గొంతు పూర్తిగా దింపాలి. ఇంకేం లేదు, అయిపోయింది అన్నట్టు. ఎవరైనా ఇంట్లో పైకి చదివి చూసి చెప్పండి.

---

మాధవరం_మనవడు | మంగళవారం రాత్రి 10:25

చదివాను నరసింహం గారూ. మా నాన్న ఎదురుగా కూర్చున్నారు. కథేంటో ముందు చెప్పలేదు, శిక్ష చదువుతున్నానని మాత్రం చెప్పాను. ఆయన కోర్టు మార్షల్ పెరేడ్లు చూసిన మనిషి. మొదటి వాక్యానికి ఏమీ అనలేదు, కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. రెండోది చదివి మీరు చెప్పినట్టే గొంతు దింపి ఆపాను. మూడోది చదివేలోపు ఆయనే అడిగారు.

"ఆ పిల్లాడి వయసెంత?"

---

నాటకాల నరసింహం | మంగళవారం రాత్రి 10:41

బాబూ, రెండో ఆపు ఇంకొంచెం పెంచుతాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.